యువ నక్షత్రాల వేట: ఎక్స్‌రే, ఆప్టికల్ పరిశీలనలతో ఆకాశాన్ని జల్లెడ పట్టడం ఎలా?

"ఎక్స్‌రే పట్టికను గాయా పట్టికతో జోడించాను. వేల నక్షత్రాలు తేలాయి. ఇవన్నీ యువ నక్షత్రాలేనా?" ఈ పని మొదలుపెట్టిన దాదాపు ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఇది. (గాయా అంటే నక్షత్రాల స్థానం, దూరం, కదలిక కొలిచిన యూరప్ ఉపగ్రహం.) కాదు. అందులో పెద్ద వాటా వయసు మళ్ళినా చురుకుదనం తగ్గని ఎర్ర మరుగుజ్జులది, వేగంగా తిరిగే దగ్గరి జంట నక్షత్రాలది. కొన్ని జోడీలైతే పూర్తిగా యాదృచ్ఛికం: ఎక్స్‌రే వచ్చేది వెనకనున్న క్వేజార్ (దూరపు గెలాక్సీ ప్రకాశవంతమైన కేంద్రం) నుంచి, మీ పట్టికలో చేరింది ముందున్న మామూలు నక్షత్రం.

ఎక్స్‌రే అనుమానితులను పట్టిస్తుంది, వర్ణపటంలోని లిథియం రేఖ తీర్పు చెబుతుంది. మధ్యలో ఉన్న మెట్లన్నీ వర్ణపటం తీయాల్సిన జాబితాను కుదించడానికే, ఎందుకంటే టెలిస్కోపు సమయం దొరకడం కష్టం. అందుకే ఇక్కడ చెప్పిన వరుస మార్చకండి.

## 1. ముందు లెక్క: మీ ఎక్స్‌రే సర్వే ఎంత దూరం చూడగలదు?

ఇక్కడ యువ నక్షత్రం అంటే పది లక్షల నుంచి ఐదు కోట్ల సంవత్సరాల లోపు వయసున్న, సూర్యుడంత లేదా అంతకన్నా చిన్న నక్షత్రం. ఇవి వేగంగా తిరుగుతాయి కాబట్టి అయస్కాంత క్షేత్రం బలంగా ఉంటుంది, కరోనా (బయటి వాయు పొర) బాగా వేడెక్కుతుంది. మొత్తం కాంతిలో సుమారు వెయ్యో వంతు, అంటే 10⁻³ దాకా ఎక్స్‌రేగా బయటికొస్తుంది. సూర్యుడి విషయంలో ఇది పది లక్షల్లో ఒక వంతు లేదా ఇంకా తక్కువ. జ్వాలలు (హఠాత్తుగా ఎగసే పేలుళ్ళు) లేనప్పుడు 10⁻³ దాటడం అరుదు. దీన్ని సంతృప్త స్థాయి అంటారు. మున్ముందు చాలా లెక్కలకు ఇదే ఆధారం.

ఎక్స్‌రే ప్రకాశం (ఎర్గ్/సెకను) = 1.2 × 10³⁸ × దూరం² (పార్సెక్‌లలో; ఒక పార్సెక్ 3.26 కాంతి సంవత్సరాలు) × ఫ్లక్స్, అంటే మనకు చేరే వెలుగు (ఎర్గ్/సెం.మీ²/సె).

ఇరోసిటా (ఆకాశమంతా చూసిన ఎక్స్‌రే అంతరిక్ష టెలిస్కోపు) మొదటి సర్వేకి చాలా చోట్ల పరిమితి సుమారు 5 × 10⁻¹⁴. వృశ్చిక–సెంటారస్ సంఘం (కలిసి పుట్టిన నక్షత్రాల గుంపు) 130 పార్సెక్‌ల దగ్గర ఉందనుకుంటే, అక్కడ కనిపించే కనిష్ఠ ఎక్స్‌రే ప్రకాశం 10²⁹. సంతృప్త స్థాయి ప్రకారం వెయ్యితో గుణిస్తే నక్షత్రం మొత్తం ప్రకాశం 10³², అంటే సూర్యుడిలో 0.026 వంతు. కోటి సంవత్సరాల వయసున్న మధ్య ఎం-రకం నక్షత్రాల దాకా అందుతాయన్నమాట. (రకాలు వేడి తగ్గే వరుసలో ఎ, ఎఫ్, జి, కె, ఎం; ఒక్కో రకంలో అంకె పెరిగేకొద్దీ నక్షత్రం చల్లన.) ఇదే లెక్క ఒరాయన్‌కి, 400 పార్సెక్‌లకి, వేస్తే సూర్యుడిలో పావు వంతు వస్తుంది. అక్కడ కె-రకం, అంతకన్నా ప్రకాశవంతమైనవే దొరుకుతాయి. ఈ రెండు పంక్తుల లెక్క వేయకుండా "ఒరాయన్‌లో ఎం-రకం నక్షత్రాలు తక్కువగా ఉన్నాయి" అని తేల్చేయడం తరచూ జరిగే పొరపాటు.

ఈ పద్ధతికి అందనివి కూడా ముందే తెలుసుకోండి. ధూళి మబ్బులో కూరుకుపోయిన శిశు నక్షత్రాలు మృదు ఎక్స్‌రేలో కనిపించవు. ఒక మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, అంకె పెరిగేకొద్దీ మసక) దృశ్య శోషణకు సుమారు 2 × 10²¹ హైడ్రోజన్ పరమాణువులు/సెం.మీ² అడ్డు వస్తాయి. శోషణ పది మాగ్నిట్యూడ్‌లైతే 1 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ కింద దాదాపు ఏమీ మిగలదు. వాటికి చంద్ర, ఎక్స్‌ఎంఎం-న్యూటన్ లాంటి ఎక్స్‌రే టెలిస్కోపులతో ఒకే చోట ఎక్కువసేపు తీసిన పరిశీలనలు, ఇన్‌ఫ్రారెడ్ కావాలి. కానీ చుట్టూ ఉన్న వాయు, ధూళి డిస్క్ కరిగిపోయిన యువ నక్షత్రాలను ఇన్‌ఫ్రారెడ్ పట్టుకోలేదు, ఎక్స్‌రే ఇట్టే పట్టేస్తుంది. ఈ పద్ధతి అసలు బలం అదే.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎక్స్‌రే పట్టిక: ఇరోసిటా మొదటి సర్వే (2019 డిసెంబర్ – 2020 జూన్ పరిశీలనలు, 2024 జనవరిలో విడుదల). బహిరంగంగా ఉన్నది పాలపుంత పశ్చిమార్ధం, అంటే గెలాక్టిక్ రేఖాంశం 180 నుంచి 360 డిగ్రీల వైపు మాత్రమే. మిగతా సగానికి రోసాట్ (పాత ఎక్స్‌రే ఉపగ్రహం) రెండో పట్టిక (1990–91 పరిశీలనలు).
- ఆప్టికల్ పట్టిక: గాయా మూడో విడుదల (2022 జూన్). స్థానాలు 2016.0 నాటివి.
- ఇన్‌ఫ్రారెడ్: టూమాస్, వైజ్ సర్వేల పట్టికలు.
- సాఫ్ట్‌వేర్: పట్టికలు జోడించడానికి టాప్‌క్యాట్, లెక్కలకు పైథాన్‌లో ఆస్ట్రోపై. సింబాద్, విజియర్ అనే ఆన్‌లైన్ నక్షత్ర సమాచార నిధులు ఎలాగూ కావాలి.
- స్పెక్ట్రోగ్రాఫ్: 6500 నుంచి 6750 ఆంగ్‌స్ట్రామ్‌ల మధ్య భాగం ఒకే ఫ్రేమ్‌లో పడాలి. విభేదన శక్తి (దగ్గరి రేఖలను విడదీసే సామర్థ్యం) కనీసం 5000, 10000 ఉంటే నిశ్చింత.

## 3. ఎక్స్‌రే జాబితాను శుభ్రం చేయడం

పట్టికలో ఉన్న ప్రతి మూలమూ నిజం కాదు. ఇరోసిటా ప్రధాన పట్టికలో గుర్తింపు సంభావ్యత విలువ (ఎంత ఎక్కువైతే మూలం అంత నమ్మదగ్గది) 6 నుంచి మొదలవుతుంది. ఆ అంచు దగ్గర ఉత్త శబ్దం బాగా కలిసి ఉంటుంది. 10 దగ్గర కోత పెడితే దొంగ మూలాలు చాలావరకు పోతాయి. రోసాట్ రెండో పట్టిక 6.5తో మొదలవుతుంది, అందులో 9 దగ్గర కోస్తే మేలు.

తర్వాత మూడు పనులు చేయండి.

మొదటిది, విస్తరించిన మూలాలను తీసేయండి. గెలాక్సీ గుంపులు, సూపర్‌నోవా అవశేషాలు నక్షత్రాలు కావు. అయితే రెండు నక్షత్రాలు పక్కపక్కనే ఉన్నా విస్తరించినట్టే కనిపిస్తుంది కాబట్టి, విస్తరణ స్వల్పంగా ఉన్నవాటిని పారేయకుండా పక్కన పెట్టండి.

రెండోది, బాగా ప్రకాశవంతమైన నక్షత్రాల విషయంలో జాగ్రత్త. కంటికి కనిపించేంత వెలుగున్న నక్షత్రాల మామూలు కాంతే డిటెక్టర్‌లోకి చొరబడి ఎక్స్‌రేలా నమోదవుతుంది. దీనికి పట్టికలో హెచ్చరిక గుర్తు ఉంటుంది, చూసుకోండి. ఎ-రకం (A) నక్షత్రం ఎక్స్‌రే ఇస్తున్నట్టు కనిపిస్తే మొదట దీన్నే అనుమానించాలి, తర్వాత కనిపించని చిన్న సహచర నక్షత్రాన్ని.

మూడోది, ఫ్లక్స్ ఏ నమూనాతో లెక్కగట్టారో చూడండి. ఇరోసిటా పట్టికలోని ఫ్లక్స్‌లు క్వేజార్లకు సరిపడే పవర్-లా నమూనాతో వేసినవి. నక్షత్రాల కరోనా వేడి వాయువు కాబట్టి కౌంట్ రేటు (సెకనుకు నమోదైన ఎక్స్‌రే కణాలు) నుంచి ఉష్ణ నమూనాతో మళ్ళీ లెక్కించాలి. రోసాట్‌కి తయారు సూత్రం ఉంది: ఫ్లక్స్ = కౌంట్ రేటు × (8.31 + 5.30 × మొదటి కాఠిన్య నిష్పత్తి) × 10⁻¹². కాఠిన్య నిష్పత్తి (ఎక్కువ, తక్కువ శక్తి ఎక్స్‌రేల మధ్య తేడా సూచిక) సున్నా, కౌంట్ రేటు సెకనుకు 0.05 అయితే ఫ్లక్స్ 4.2 × 10⁻¹³.

## 4. ఆప్టికల్ వైపు ఎంత మసక దాకా వెళ్ళాలి?

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. గాయాలో 20వ మాగ్నిట్యూడ్ దాటి ఉన్నవన్నీ లాగేసుకుని జోడిస్తారు. తర్వాత ఒక్కో ఎక్స్‌రే మూలానికి నాలుగైదు నక్షత్రాలు తగిలి తల పట్టుకుంటారు.

సంతృప్త స్థాయిని తిరగేసి వాడండి. ఎక్స్‌రే మొత్తం కాంతిలో వెయ్యో వంతు మించదు కాబట్టి, ఎక్స్‌రే ఫ్లక్స్‌కి వెయ్యి రెట్లైనా నక్షత్రం మొత్తం ఫ్లక్స్ ఉండి తీరాలి. 5 × 10⁻¹⁴ కి వెయ్యి రెట్లు 5 × 10⁻¹¹. మొత్తం కాంతి మాగ్నిట్యూడ్ సున్నాకి ఫ్లక్స్ 2.518 × 10⁻⁵ కాబట్టి ఇది 14.3 మాగ్నిట్యూడ్‌కి సమానం. మధ్య ఎం-రకానికి గాయా జీ-బ్యాండ్ సవరణ సుమారు ఒకటిన్నర కలిపితే 15.8 వస్తుంది. పరిశీలన సమయంలో జ్వాల వచ్చి పదింతలు పెరిగిందనుకున్నా ఇంకో 2.5 మాగ్నిట్యూడ్‌లు, అంటే 18.3.

కాబట్టి జీ 18.5 దగ్గర ఆపండి. ఇంకా మసకవి పెట్టుకుంటే దొంగ జోడీలే పెరుగుతాయి.

గాయా నుంచి తెచ్చేటప్పుడు పెట్టాల్సిన షరతులు:

- పారలాక్స్ (దూరం తెలిపే కోణం) 2 మిల్లీ ఆర్క్‌సెకండ్‌లకు పైన (500 పార్సెక్‌ల లోపు). దగ్గరి సంఘమే లక్ష్యమైతే ఇంకా బిగించండి.
- పారలాక్స్ దాని లోపానికి కనీసం పది రెట్లు ఉండాలి.
- రూవీ విలువ (గాయా కొలతలు ఒంటరి నక్షత్రానికి ఎంత సరిపోలలేదో చెప్పేది) 1.4 దాటితే గుర్తు పెట్టండి, తీసేయకండి. జంట నక్షత్రాలకూ డిస్క్ ఉన్న యువ నక్షత్రాలకూ అది సహజంగానే ఎక్కువ. గుడ్డిగా కోస్తే మీరు వెతుకుతున్నవే పోతాయి.

## 5. జోడింపు

### 5.1 స్థానాలను ఒకే కాలానికి తేవడం

గాయా స్థానాలు 2016.0 నాటివి. రోసాట్ చూసింది పాతికేళ్ళ ముందు. దగ్గరలో ఉండి ఏడాదికి 0.4 ఆర్క్‌సెకండ్ కదిలే నక్షత్రం అప్పటికి పది ఆర్క్‌సెకండ్‌ల దూరంలో ఉంది. స్వీయ చలనంతో (ఆకాశంలో నక్షత్రం ఏటా జరిగే కోణంతో) గాయా స్థానాలను ఎక్స్‌రే పరిశీలన నాటికి జరిపి, ఆ తర్వాతే జోడించాలి. బీటా పిక్టోరిస్ లాంటి దగ్గరి యువ సంఘాల సభ్యులు జారిపోయేది ఎక్కువగా ఇక్కడే.

### 5.2 వ్యాసార్ధం

అన్ని మూలాలకూ ఒకే వ్యాసార్ధం పెట్టొద్దు. ప్రతి ఎక్స్‌రే మూలానికీ దాని స్థాన లోపాన్ని బట్టి మూడు సిగ్మాలు (సిగ్మా అంటే ప్రామాణిక లోపం) తీసుకోండి. పట్టికలో ఇచ్చిన లోపం ఒక అక్షానికా, రెండు అక్షాలూ కలిపిందా అన్నది వివరణ పత్రంలో చూసుకోవాలి. రెండు దిశల్లో ఒక సిగ్మా వృత్తంలో నిజమైన జోడీల్లో 39 శాతమే పడతాయి. రెండు సిగ్మాలకు 86, మూడింటికి 99 శాతం. 68 శాతం అనుకుని ఒకటిన్నర సిగ్మాతో సరిపెడితే మూడో వంతు నక్షత్రాలు చడీచప్పుడు లేకుండా పోతాయి.

ఇరోసిటా మసక మూలాలకు ఒక సిగ్మా 4 నుంచి 5 ఆర్క్‌సెకండ్‌లు. రోసాట్‌కి లోపం ఇంకా పెద్దది, అక్కడ 40 ఆర్క్‌సెకండ్‌ల దాకా వెతకాల్సి వస్తుంది.

### 5.3 దొంగ జోడీలను లెక్కపెట్టడం

పాలపుంత పట్టీకి దగ్గర్లో చదరపు డిగ్రీకి లక్ష గాయా నక్షత్రాలు ఉన్నాయనుకుందాం. 12 ఆర్క్‌సెకండ్‌ల వృత్తం వైశాల్యం 452 చదరపు ఆర్క్‌సెకండ్‌లు, చదరపు డిగ్రీలో 1.296 కోట్లు. అంటే ప్రతి వృత్తంలోనూ సగటున మూడున్నర నక్షత్రాలు ఊరికే పడతాయి. పైన చెప్పిన కోతలతో సాంద్రత రెండు వేలకు దిగితే అదే సంఖ్య 0.07. నాలుగో మెట్టు ఎందుకు ముఖ్యమో ఈ రెండు అంకెలే చెబుతాయి.

సగటు లెక్కతో ఆగకండి. ఎక్స్‌రే స్థానాలన్నిటినీ ఒకటి రెండు ఆర్క్‌నిమిషాలు పక్కకు జరిపి మళ్ళీ జోడించండి. ఇప్పుడు తగిలినవన్నీ యాదృచ్ఛికమే. ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర నాలుగు వైపులా జరిపి సగటు తీస్తే మీ జాబితాలో ఎన్ని దొంగ జోడీలుంటాయో నిజమైన అంచనా చేతికొస్తుంది. ఈ అంకె లేని జాబితాను ఎవరికీ పంపొద్దు.

ఒకే మూలానికి రెండు నక్షత్రాలు తగిలితే దగ్గరున్నదాన్ని కళ్ళు మూసుకుని ఎంచుకోకండి. రెండింటికీ ఆరో మెట్టులోని నిష్పత్తి లెక్కించండి. ఒకదానికి 10⁻¹ వస్తే అది భౌతికంగా కుదరదు, రెండోదే మూలం.

## 6. ఎక్స్‌రే – మొత్తం కాంతి నిష్పత్తి

ఈ నిష్పత్తికి దూరం అక్కర్లేదు. రెండూ ఫ్లక్స్‌లే కాబట్టి దూరం కొట్టుకుపోతుంది. పారలాక్స్ బాగోలేని నక్షత్రానికి కూడా పనికొస్తుంది.

ఒక ఉదాహరణ నక్షత్రం తీసుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. జీ 12.0, కె7 రంగు, పారలాక్స్ ప్రకారం 130 పార్సెక్‌లు, ఎక్స్‌రే ఫ్లక్స్ 2 × 10⁻¹³.

1. కె7కి జీ-బ్యాండ్ సవరణ సుమారు −0.5. మొత్తం కాంతి మాగ్నిట్యూడ్ 11.5.
2. మొత్తం ఫ్లక్స్ = 2.518 × 10⁻⁵ × 10^(−0.4 × 11.5) = 6.3 × 10⁻¹⁰.
3. నిష్పత్తి = 2 × 10⁻¹³ ÷ 6.3 × 10⁻¹⁰ = 3.2 × 10⁻⁴. సంవర్గమానం −3.5.

సంతృప్త స్థాయికి దగ్గరే. జాబితాలో ఉంచండి.

కోత ఎక్కడ పెట్టాలి? జి, కె రకాలకు −4 దగ్గర పెడితే యువ నక్షత్రాలు దాదాపు పోవు. ఎం-రకానికి మాత్రం ఈ నిష్పత్తి వయసు గురించి ఏమీ చెప్పదు. ఎర్ర మరుగుజ్జులు వంద కోట్ల సంవత్సరాలు దాటినా సంతృప్త స్థాయిలోనే ఉండగలవు. జి-రకం కూడా పది కోట్ల సంవత్సరాలకు ఇంకా చురుగ్గానే ఉంటుంది. కాబట్టి ఈ మెట్టు దాటినంత మాత్రాన "యువ నక్షత్రం" అని రాయకండి. "చురుకైన నక్షత్రం" అని రాయండి.

నిష్పత్తి −2.5 దాటితే జ్వాల కావచ్చు. ఇరోసిటా నాలుగు గంటలకొకసారి ఒక చుట్టు తిరుగుతూ, ఒక్కో మూలాన్ని ప్రతి చుట్టులో 40 సెకన్ల వరకు చూస్తుంది. చుట్టువారీ కౌంట్లు తీసి చూడండి. ఒకే చుట్టులో కౌంట్లన్నీ పోగైతే అది జ్వాలే. అలాంటప్పుడు మిగతా చుట్ల కౌంట్లతోనే నిష్పత్తి వేయాలి.

## 7. రంగు–ప్రకాశ పటంలో ఎక్కడ ఉంది?

యువ నక్షత్రం ఇంకా కుంచించుకుంటూ ఉంటుంది. అదే రంగున్న వయోజన నక్షత్రం కన్నా పెద్దగా ఉంటుంది కాబట్టి ప్రధాన క్రమానికి (పటంలో వయోజన నక్షత్రాలు ఉండే పట్టీకి) పైన కనిపిస్తుంది.

మన ఉదాహరణకు నిరపేక్ష జీ = 12.0 − 5.57 = 6.4. ప్రధాన క్రమంలో ఉన్న కె7కి ఇది సుమారు 7.5. అంటే ఒక మాగ్నిట్యూడ్‌కి పైగా ఎత్తులో ఉంది.

ఒక మాగ్నిట్యూడ్ అన్నది ఎందుకు ముఖ్యం? సమాన ప్రకాశమున్న జంట నక్షత్రం ఒక్కటిగా కనిపిస్తే గరిష్ఠంగా 0.75 మాగ్నిట్యూడ్ పైకి లేస్తుంది, అంతకు మించి లేవదు. 0.75 దాటి పైన ఉన్నదానికి "ఉత్త జంట నక్షత్రం" అన్న వివరణ చాలదు. 0.3 నుంచి 0.75 మధ్య ఉన్నవాటిని వర్ణపటమే తేల్చాలి.

ధూళి ఇక్కడ మోసం చేస్తుంది. ఒక మాగ్నిట్యూడ్ దృశ్య శోషణ నక్షత్రాన్ని జీలో సుమారు 0.8 మసకబారుస్తుంది, బీపీ–ఆర్పీ (గాయా నీలం, ఎరుపు బ్యాండ్ల తేడా) రంగులో సుమారు 0.4 ఎర్రగా చేస్తుంది. కె, ఎం రకాల్లో ప్రధాన క్రమం అంతకన్నా నిటారుగా దిగుతుంది కాబట్టి, ధూళి పట్టిన మామూలు నక్షత్రం దాదాపు 0.4 మాగ్నిట్యూడ్ పైన ఉన్నట్టు, అంటే వయసు తక్కువైనట్టు కనిపిస్తుంది. శోషణ సవరణ చేయకుండా వయసు రాయకండి.

మసకగా, బాగా ఎర్రగా ఉన్న నక్షత్రాలకు గాయా బీపీ కొలత నమ్మదగ్గది కాదు. నక్షత్రాన్ని ఉన్నదానికన్నా నీలంగా చూపిస్తుంది. వాటికి జీ–ఆర్పీ రంగు వాడండి.

## 8. కదలిక

స్పర్శ వేగం = 4.74 × స్వీయ చలనం (ఆర్క్‌సెకండ్/సంవత్సరం) × దూరం. మన నక్షత్రం ఏడాదికి 0.025 ఆర్క్‌సెకండ్ కదులుతుంటే సెకనుకు 15.4 కి.మీ. యువ నక్షత్రాలు పుట్టిన మబ్బు వేగాన్నే మోస్తుంటాయి. సెకనుకు 40 కి.మీ. దాటినవాటిని చివరికి నెట్టేయొచ్చు.

150 పార్సెక్‌ల లోపు ఉన్నవాటికి బన్యాన్ సిగ్మా అనే సాధనంతో తెలిసిన సంఘాల్లో సభ్యత్వ సంభావ్యత చూడండి. దృష్టిరేఖా వేగం (మనవైపు లేదా మన నుంచి దూరంగా కదిలే వేగం) లేకుండా వచ్చిన 90 శాతాన్ని చూసి సంబరపడొద్దు, ఆ వేగం కలిపాక సున్నాకి పడిపోవడం మామూలే. ఒక సంఘంలోని సభ్యుల వేగాల మధ్య తేడా సెకనుకు ఒకటి నుంచి మూడు కి.మీ. మాత్రమే ఉంటుంది.

ఏ సంఘానికీ చెందలేదని మాత్రం నక్షత్రాన్ని తీసేయకండి. ఇంకా గుర్తించని సంఘాలు బయటపడేది ఇలా మిగిలిపోయిన వాటి నుంచే.

## 9. వర్ణపటం: తీర్పు ఇక్కడే

### 9.1 ఎందుకు లిథియం?

నక్షత్రం లోపల సుమారు 25 లక్షల డిగ్రీల దగ్గర లిథియం కాలిపోతుంది. చిన్న నక్షత్రాల్లో పై పొరలు లోపలిదాకా కలిసిపోతుంటాయి కాబట్టి, కొన్ని కోట్ల సంవత్సరాల్లో ఉపరితలం మీద కూడా లిథియం మిగలదు. 6707.8 ఆంగ్‌స్ట్రామ్ దగ్గర ఆ రేఖ బలంగా ఉంటే నక్షత్రం ఇంకా దాన్ని కాల్చలేదన్నమాట. ఎక్స్‌రే చురుకుదనాన్ని జంట నక్షత్రం నటించగలదు. లిథియాన్ని నటించడం చాలా కష్టం.

### 9.2 ఎంత నాణ్యత కావాలి?

తుల్య వెడల్పులో (రేఖ మొత్తం బలాన్ని ఆంగ్‌స్ట్రామ్‌లలో చెప్పే కొలతలో) లోపం ≈ 1.5 × √(రేఖ వెడల్పు × పిక్సెల్ పరిమాణం) ÷ సంకేత–శబ్ద నిష్పత్తి.

విభేదన శక్తి 6000 అయితే రేఖ వెడల్పు 1.1 ఆంగ్‌స్ట్రామ్. పిక్సెల్ 0.4 ఆంగ్‌స్ట్రామ్, సంకేత–శబ్ద నిష్పత్తి 40 అనుకోండి. లోపం 0.025 ఆంగ్‌స్ట్రామ్ వస్తుంది. మూడు సిగ్మాలంటే 0.075. కె, ఎం యువ నక్షత్రాల్లో రేఖ 0.4 నుంచి 0.6 దాకా ఉంటుంది కాబట్టి ఇది ధారాళంగా చాలు. జి-రకానికి చాలదు, అక్కడ నిష్పత్తి 80 పైన పెట్టుకోండి.

### 9.3 కొలిచే వరుస

1. తరంగదైర్ఘ్య సర్దుబాటు దీపాన్ని ప్రతి నక్షత్రానికీ ముందూ వెనకా తీయండి.
2. అదే రాత్రి దృష్టిరేఖా వేగం తెలిసిన ప్రామాణిక నక్షత్రాలు రెండైనా తీయండి.
3. ముందు వేగం సవరించండి, తర్వాతే రేఖను వెతకండి. సెకనుకు 50 కి.మీ. వేగం రేఖను 1.1 ఆంగ్‌స్ట్రామ్ పక్కకు జరుపుతుంది.
4. 6717.7 దగ్గరున్న కాల్షియం రేఖను కొలబద్దగా పెట్టుకోండి. అది సరైన చోట కనిపిస్తేనే 6707.8 దగ్గర కనిపించేది లిథియం అని నమ్మండి. యువ కె, ఎం నక్షత్రాల్లో లిథియం రేఖ కాల్షియాన్ని మించి లోతుగా ఉండటం ఒక్క చూపులో తెలిసిపోతుంది.
5. నేపథ్య స్థాయిని (రేఖలు లేని చోటి వెలుగు మట్టాన్ని) రేఖకు ఇరువైపులా దగ్గర్లోనే గీయండి. ఎం-రకంలో టైటానియం ఆక్సైడ్ పట్టీల వల్ల అసలైన నేపథ్యం ఉండదు. అన్ని నక్షత్రాలకూ ఒకే తరంగదైర్ఘ్య కిటికీలు వాడితేనే పోలిక కుదురుతుంది.
6. 6707.4 దగ్గర చిన్న ఇనుము రేఖ లిథియంతో కలిసిపోతుంది. దాని వాటా 0.01 నుంచి 0.03 ఆంగ్‌స్ట్రామ్. జి, తొలి కె రకాలకు తీసేయండి.

### 9.4 అదే ఫ్రేమ్‌లో హెచ్-ఆల్ఫా

6562.8 దగ్గర ఉద్గార రేఖ ఉంటే దాని తుల్య వెడల్పు కొలవండి. డిస్క్ నుంచి పదార్థం ఇంకా పడుతోందా లేదా అన్న హద్దు రకాన్ని బట్టి మారుతుంది: కె0–కె5కి 3 ఆంగ్‌స్ట్రామ్‌లు, కె7–ఎం2.5కి 10, ఎం3–ఎం5.5కి 20. రేఖ శిఖరంలో పదో వంతు ఎత్తు దగ్గర వెడల్పు సెకనుకు 270 కి.మీ. దాటినా పదార్థం పడుతున్నట్టే.

పదార్థం పడుతున్న నక్షత్రంలో అదనపు వెలుగు వల్ల లిథియం రేఖ పలచబడి కనిపిస్తుంది. ఆ అదనపు వెలుగు నక్షత్రం సొంత వెలుగులో సగం ఉంటే, కొలిచిన విలువను 1.5తో గుణించాలి.

మన ఉదాహరణలో లిథియం 0.48 ఆంగ్‌స్ట్రామ్, హెచ్-ఆల్ఫా ఉద్గారం 2.1 ఆంగ్‌స్ట్రామ్ వచ్చాయనుకుందాం. కె7కి హద్దు 10 కాబట్టి ఇది డిస్క్ నుంచి పదార్థం తీసుకోవడం ఆపేసిన టీ టౌరీ (ఇంకా కుంచించుకుంటున్న యువ) నక్షత్రం.

### 9.5 లిథియం లేకపోతే?

ఇది రకాన్ని బట్టి చదవాల్సిన విషయం.

జి-రకంలో కృత్తికల వయసుకి, సుమారు 12 కోట్ల సంవత్సరాలకి, కూడా లిథియం బాగానే మిగులుతుంది. రేఖ ఉందని యువ నక్షత్రం అనలేం. తొలి కె-రకంలో 0.3 ఆంగ్‌స్ట్రామ్ దాటితేనే కృత్తికల కన్నా చిన్నదని ధైర్యంగా చెప్పొచ్చు. చివరి కె, తొలి ఎం రకాల్లో రేఖ స్పష్టంగా ఉందంటే ఇక సందేహం అక్కర్లేదు.

ఎం2 నుంచి ఎం4 దాకా కథ వేరు. ఇవి రెండు కోట్ల సంవత్సరాలకే లిథియాన్ని తుడిచేస్తాయి. 2.4 కోట్ల సంవత్సరాల బీటా పిక్టోరిస్ సంఘంలో ఎం3 నక్షత్రాల్లో లిథియం కనిపించదు, అయినా అవి యువ నక్షత్రాలే. అక్కడ 8183, 8195 ఆంగ్‌స్ట్రామ్‌ల సోడియం జంట రేఖలు ఆదుకుంటాయి. ఉపరితల గురుత్వం తక్కువ కాబట్టి యువ ఎం-రకంలో అవి వయోజన మరుగుజ్జుల కన్నా పలచగా ఉంటాయి.

### 9.6 రెండోసారి తీయడం

కొన్ని రోజుల తేడాతో ఒకసారి, వీలైతే కొన్ని నెలల తర్వాత ఇంకోసారి. వేగం సెకనుకు పదుల కి.మీ. మారితే దగ్గరి జంట. ఎక్స్‌రే, పటంలో ఎత్తు రెండూ ఉండి లిథియం లేని కె-రకాల్లో చాలావరకు ఇవే.

## 10. గ్రేడ్ ఇవ్వడం

- ఏ: రకానికి తగినంత లిథియం, పటంలో ఎత్తు, ఎక్స్‌రే నిష్పత్తి, మూడూ ఉన్నవి. కదలిక కలిస్తే మరీ మంచిది.
- బీ: ఎం2–ఎం4, లిథియం లేదు, కానీ పలచటి సోడియం, పటంలో ఎత్తు, సంఘం కదలిక కలిశాయి.
- సీ: వర్ణపటం ఇంకా లేదు. మిగతావన్నీ అనుకూలం.
- తిరస్కారం: వేగం మారే జంట, వయోజన మరుగుజ్జు, దొంగ జోడీ. ఏ కారణమో ప్రతిదానికీ రాయండి.

## 11. తరచూ వచ్చే చిక్కులు

టెస్ ఉపగ్రహ కాంతి వక్రంలో (కాలంతో వెలుగు మారే తీరులో) అర రోజు ఆవర్తనం వచ్చింది, కానీ వర్ణపటంలో రేఖలు సన్నగా ఉన్నాయి. టెస్ పిక్సెల్ 21 ఆర్క్‌సెకండ్‌లు. ఆవర్తనం పక్క నక్షత్రానిది కావచ్చు. గాయాలో ఒక ఆర్క్‌నిమిషం లోపు ఏమున్నాయో చూడండి.

లిథియం రేఖ విశాలంగా, లోతు లేకుండా ఉంది. వేగంగా తిరుగుతోంది. లోతు చూడకండి, తుల్య వెడల్పే చూడండి. భ్రమణం రేఖను పరుస్తుంది కానీ వైశాల్యం తగ్గించదు.

రేఖలన్నీ రెండేసి కనిపిస్తున్నాయి. జంట. ఒక్కో నక్షత్రం రేఖను రెండోదాని వెలుగు పలచన చేస్తుంది. ఇద్దరి వెలుగు వాటాలు తెలిశాకే లిథియం విలువ రాయండి.

హెచ్-ఆల్ఫా విలువలు ఒకరివి ధన, ఇంకొకరివి రుణ. ఉద్గారాన్ని రుణంగా రాసే అలవాటు ఎక్కువ. ఏది వాడారో పట్టిక తలలోనే రాయండి. ఈ గుర్తు తారుమారైతే ఉద్గారం శోషణగా, శోషణ ఉద్గారంగా లెక్కకొస్తాయి.

ఒక ప్రాంతంలో అభ్యర్థులు హఠాత్తుగా ఎక్కువయ్యారు. సంఘం అనుకునే ముందు ఎక్స్‌రే పరిశీలన సమయ పటం చూడండి. ఇరోసిటా క్రాంతివృత్త ధ్రువాల దగ్గర ఎక్కువసేపు చూసింది, అక్కడ మసక మూలాలు సహజంగానే ఎక్కువ.

## 12. జాబితాతో పాటు ఇవ్వాల్సినవి

- మూలం పేరు, గాయా గుర్తింపు సంఖ్య, స్థానం, ఏ కాలానిదో
- కౌంట్ రేటు, ఫ్లక్స్, మార్పిడికి వాడిన నమూనా
- జోడింపు దూరం సిగ్మాలలో, దొంగ జోడీల అంచనా
- నిష్పత్తి, రకం, శోషణ, పటంలో ప్రధాన క్రమం నుంచి ఎత్తు
- లిథియం, హెచ్-ఆల్ఫా విలువలు లోపాలతో. రేఖ కనిపించకపోతే "లేదు" అని కాదు, పై హద్దు
- పరిశీలన తేదీలు, దృష్టిరేఖా వేగాలు విడివిడిగా, సగటు ఒక్కటే కాదు
- ఎక్స్‌రేలో దొరకని తెలిసిన సంఘ సభ్యులకు ఎక్స్‌రే పై హద్దులు. ఇవి లేకపోతే మీ సర్వే ఎంత శాతం పట్టుకుందో లెక్కకు రాదు
- తిరస్కరించినవాటి జాబితా, కారణాలతో. తర్వాత అదే ప్రాంతంలో వెతికేవాళ్ళు ఆ జంట నక్షత్రాల మీద మళ్ళీ రాత్రులు ఖర్చు చేయకుండా ఉంటారు